నేలలోని నీటిని లెక్కించు విద్య

ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఏ విద్య నభ్యసింపవలెనని విద్యార్థులు మమ్ము ప్రతి సంవత్సరము నడుగుచుందురు. వైద్యము, కంప్యూటరు అను రెండు మాటలే వారి తలిదండ్రుల నోట నెక్కువగా వినవచ్చును. మేము వానికి విరోధులము కాము. అయినను జహీరాబాదు బిడ్డలకు మిక్కిలి సమీపమైన విద్య మఱియొకటి కలదు. నేలలో నీరెంత యున్నదో, ఏటేట నెంత చేరుచున్నదో, ఎంత తోడవచ్చునో లెక్కించి చెప్పుటయే యా విద్య.

గత వేసవిలో మా విద్యార్థి యొకని తండ్రి రెండెకరముల చెరకు కొఱకు మూడు బోరుబావులు వేయించెను. మొదటి చోటును అరచేత కొబ్బరికాయ పట్టుకొని నడిచిన యొకడు చూపెను. రెండవదానిని ప్రక్క పొలమువాని బోరు చూచి తానే నిర్ణయించుకొనెను. మూడవది మొదటి రెంటి యప్పు తీర్చవలెనను ఆతురతతో వేసినది. మూడింటను దుమ్మే వచ్చెను. బడి తెఱచిన పిదప రెండు నెలలవరకు ఆ బాలుడు కూలికి పోయెను గాని తరగతికి రాలేదు. నీరు దొరకు చోటు చూపువాడే యీ విద్య తెలిసినవాడని జనులు తలచుచుందురు. మా యభిప్రాయ మది కాదు. "ఇచ్చట వేయవలదు" అని తగిన సమయమున చెప్పగలవాడు ఆ కుటుంబమునకు ఎక్కువ మేలు చేసియుండును.

మన ఎఱ్ఱనేలల మిట్టను నిలువున కోసి చూడగలిగితిమేని పైన ఎఱ్ఱరాయి, దాని క్రింద బంకమన్ను, అడుగున నల్లరాయి కనబడును. ఎఱ్ఱరాతికి లాటరైటు అని పేరు. మలబారు దేశమున దానిని చూచిన బుకానన్ అను వైద్యుడు, అది ఇటుకవలె కోయబడుచున్నందున, లాటిను భాషలో ఇటుకకు గల పేరును బట్టి 1807లో ప్రకటించిన గ్రంథమున దాని కాపేరు పెట్టెను. దానినిండ రంధ్రము లుండుటచే వాననీరు సులభముగా దిగిపోవును. నడుమనున్న బంకమన్ను నీటిని పట్టుకొనునే గాని విడువదు. నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పారిన లావా గడ్డకట్టినది. దానియందు నీరు నిలుచునది శిథిలమైన పైపొరలోను, పగుళ్లలోను మాత్రమే. పగులు తగిలిన బోరు పారును. పది గజముల దూరమున తగులని బోరు ఎండును. ప్రక్క పొలమును చూచి నమ్మరాదనుటకు కారణ మిదియే.

ఈ పొరల సంగతి పూర్వు లెఱుగనిది కాదు. ఇచ్చటికి సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న బీదరులో, 15వ శతాబ్దమున, బహమనీ సుల్తానుల కాలమున, పారసీక పద్ధతిని కరేజు అను సొరంగపు కాలువను ఎఱ్ఱరాతిలో తొలిచిరి. రాతిలోనికి దిగిన వాననీరు సొరంగములో నూరి, కొద్దిపాటి వాలున తానే పారి బయటికి వచ్చును. ఎద్దులును మోటయు నక్కఱలేదు. పూడిపోయిన యా కాలువలో కొంతభాగమును ఇటీవలి సంవత్సరములలో శుభ్రము చేసిరి. కరేజునందు నేల యిచ్చినంత నీరే వచ్చును. అంతకు మించి లాగుటకు వీలులేదు. మోటారున కట్టి హద్దు లేదు గనుక ఆ హద్దును మనమే లెక్కకట్టవలసియున్నది.

లెక్క కఠినము కాదు. ఒక యూరి నేల 10 చదరపు కిలోమీటర్లనుకొందము. వానలకు ముందు బావులలో నీరు 12 మీటర్ల లోతున నుండి, నవంబరునాటికి 8 మీటర్లకు వచ్చినది. 4 మీటర్లు పెరిగినదని సంతోషింపరాదు. శిథిలమైన నల్లరాతిలో నూటికి సుమారు 2 పాళ్లే తోడుటకు వచ్చు నీరు, తక్కినది రాయి. కోటి చదరపు మీటర్లను 4చేత గుణించి, అందులో నూటికి రెండు పాళ్లు తీసిన 8 లక్షల ఘనపు మీటర్లు వచ్చును. చెరకునకు పంటకాలమంతటికిని సుమారు 2 మీటర్ల నీరు కావలెను, అనగా హెక్టారునకు 20,000 ఘనపు మీటర్లు. అందుచే ఊరంతటి నీరును చెరకునకే పోసినను 40 హెక్టార్లు, అనగా 100 ఎకరములు మాత్రమే తడియును. కొంత వానయే ఇచ్చుననుట నిజమే. కాని త్రాగునీటిని మన మింకను లెక్కలో చేర్చలేదు. అదే నీరు జొన్నకైనచో నాలుగు రెట్ల నేలకు వచ్చును. ఈ లెక్కను తొమ్మిదవ తరగతికి ఇచ్చినపుడు, ఊరి పొలము 2,400 ఎకరములు దాటునని కనుగొన్న యొక బాలిక పలక క్రింద పెట్టి మావంక చూచెను.

చోటును పరీక్షించుటకు నాలుగు ఇనుప మేకులను నేలలో పాతి, రెంటిగుండ విద్యుత్తును పంపి, తక్కిన రెంటివద్ద కొలుతురు. తడిగల శిథిలశిలలో విద్యుత్తు సులభముగా పోవును, గట్టిరాతిలో పోదు. అయితే బంకమన్నులోను అది సులభముగానే పోవును! మన మిట్టలపై యంత్రమును మాత్రమే నమ్మినవాడు బంకమన్నును జూచి నీరని భ్రమపడగలడు. రాతిని చదువ నేర్చినవాడే దీనిని విడదీయగలడు.

దేశమున ఈ పనికి కేంద్ర భూగర్భజల మండలి కలదు. 1954లో పుట్టిన గొట్టపుబావుల అన్వేషణ సంస్థ 1970లో ఈ పేరు దాల్చెను. పరిశీలనకై యేర్పఱచిన బావులలో ఏటికి నాలుగుసార్లు నీటిమట్టమును కొలుతురు. తోడదగిన నీటిలో నూటికి 70 పాళ్లు మించని ప్రాంతమును సురక్షితమనియు, 100 దాటినదానిని మితిమీరి తోడబడినదనియు నిర్ణయింతురు. తెలంగాణ ప్రభుత్వమునకును భూగర్భజల శాఖ కలదు. ఇందు ప్రవేశింపగోరువారు గణితమును, భౌతిక రసాయన శాస్త్రములను విడువక, పిమ్మట భూగర్భశాస్త్రమున ఎం.ఎస్సీ. వఱకు చదువవలెను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆ శాఖ కలదు. కేంద్ర మండలికి శాస్త్రజ్ఞులను యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష ద్వారా ఎన్నుకొందురు. బాలికలకును అది తెఱచియున్నది. ఎండలో నడువగల కాళ్లను, రైతుతో వినయముగా మాటలాడు నోటిని ఏ పరీక్షయు అడుగదు గాని అవి లేనివాడు ఇందు రాణింపడు.

పై చదువులకు పోలేనివారును దీనికి దూరము కారు. 2003 మొదలు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అనంతపురము, మహబూబ్‌నగరము, నల్లగొండ మొదలగు ఏడు జిల్లాలలో రైతులే, స్త్రీలును పురుషులును, వానను బావుల మట్టమును కొలిచి, రబీకి ముందు కూర్చుండి ఊరి నీటి లెక్క వేసికొనిరి. ఎవరి యాజ్ఞయు లేదు. లెక్క చూచిన పలువురు తమంతట తామే ఎక్కువ నీరు త్రాగు పంటలను తగ్గించుకొనిరి.

మన పాఠశాల బావిని కొలుచు తాడును, సీసపు గుండును విజ్ఞానశాస్త్రపు గదిలో మేకున వ్రేలాడుచున్నవి. ప్రతి నెల మొదటి దినమున తొమ్మిదవ తరగతివారు కొలిచి పుస్తకమున వ్రాయుదురు. ఇంటి బావిని కొలువగోరు తలిదండ్రులు తాడును ఒక దినమునకు తీసికొనిపోవచ్చును. తెల్లవాఱుజామున, మోటారు వేయక పూర్వమే కొలువవలెను. వేసిన పిదప కొలిచినది లెక్కకు రాదు.