పూర్వుల జాడ

తన పూర్వులెవరో తెలుసుకోవాలన్న కోరిక మానవునికి సహజం. అమెరికాలోని క్వేకర్ కుటుంబాలకు ఈ అన్వేషణ కొంత సులభం. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ బోధనలతో ఏర్పడిన క్రైస్తవ శాఖకు క్వేకర్లని పేరు. మానవులందరూ సమానులని, యుద్ధం కూడదని వారి విశ్వాసం. ప్రతి ప్రాంతంలోనూ వారు నెలకొకసారి సమావేశమై జనన మరణాలను, వివాహాలను గ్రంథస్థం చేసేవారు. వివాహపత్రంపై పెళ్లికి వచ్చినవారందరూ సంతకాలు చేసేవారు. వలసవెళ్లే కుటుంబానికి పాత సమాజం ధ్రువపత్రమిచ్చి పంపేది. అందుచేత తరాల జాడ చెదరలేదు.

కాఫిన్ వంశం ఇందుకు ఉదాహరణ. ట్రిస్ట్రమ్ కాఫిన్ 1642లో ఇంగ్లండు నుండి అమెరికా చేరి, అనంతరం నాంటుకెట్ దీవిలో స్థిరపడ్డాడు. ఆయన కుమార్తె మేరీ స్టార్‌బక్ ఆ దీవిలో క్వేకర్ సమాజానికి పునాది వేసింది. ఆ వంశీయులు కొందరు ఉత్తర కరోలినాకు తరలివెళ్లారు. అక్కడ 1798లో జన్మించిన లీవై కాఫిన్, 1826లో ఇండియానాకు వెళ్లి, పారిపోయి వచ్చిన బానిసలకు తన ఇంట ఆశ్రయమిచ్చాడు.

అయితే ఆ పాత పుస్తకాలు కీర్తిని మాత్రమే చెప్పవు. క్వేకర్లలోనూ బానిసలను ఉంచుకున్నవారున్నారు. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు ఆ దురాచారాన్ని లిఖితపూర్వకంగా ఖండించారు. కాని ఫిలడెల్ఫియా వార్షిక సభ తన సభ్యులకు దానిని నిషేధించింది 1776లోనే. అంటే 88 సంవత్సరాల తరువాత!

పూర్వులను గౌరవించడమంటే వారి ఘనతను చాటుకోవడం కాదు. వారి తప్పును దాచక, వారి మంచిని కొనసాగించడమే నిజమైన గౌరవం.