మంచు క్రింద ఊపిరి

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు మంచు అనగా ఐసు ఫ్యాక్టరీ గడ్డయే గాని ఆకాశం నుండి రాలేది కాదు. అట్టి మనకు మంచుచరియల క్రింద ఊపిరి నిలిపే సాధనాలతో పని ఏమని పాఠకులు ప్రశ్నించవచ్చు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో సోనమ్ స్థావరంపై మంచుగోడ విరిగిపడి మద్రాసు రెజిమెంటు 19వ బెటాలియనుకు చెందిన పదిమంది సైనికులు దాని క్రింద చిక్కుకొన్నారు. మృతులలో ఒకరు నాటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాస్తవ్యుడైన సిపాయి ముష్తాక్ అహ్మద్. మంచు ఎరుగని నేల బిడ్డలే అక్కడ కావలి కాస్తున్నారు గనుక ఈ విషయం మనకు పరాయిది కాదని మా అభిప్రాయం.

మంచులో కూరుకుపోయినవాడు ఆ మంచులో గాలి లేక మరణిస్తాడని సామాన్యంగా తలుస్తాము. వాస్తవం వేరు. రంధ్రం లేని మంచుగడ్డ ఘనపు మీటరుకు 917 కిలోలు తూగుతుంది. చరియగా జారి బిగిసిన మంచు సుమారు 400 కిలోలు మాత్రమే. అనగా ఆ కుప్పలో సగానికి పైగా గాలియే. మన గడ్డివాములో పరకల సందున గాలి ఆడినట్లే అక్కడా రేణువుల సందున గాలి ఉంటుంది.

మరి ప్రాణం తీసేది ఏది? విడిచిన ఊపిరియే. మనం పీల్చే గాలిలో ఆమ్లజని 21 శాతం, బొగ్గుపులుసు వాయువు 0.04 శాతం. విడిచే గాలిలో మొదటిది సుమారు 16 శాతానికి తగ్గి, రెండవది 4 శాతానికి పెరుగుతుంది. ముఖం ఎదుటనే నిలిచిన ఆ గాలిని మరల మరల పీల్చవలసి వస్తుంది. పైగా వెచ్చని తడి ఊపిరికి చుట్టూ ఉన్న మంచు కరిగి, తిరిగి గాజుపొరవలె గడ్డకట్టి, లోపలికి గాలిని రానీయదు. (నిండా ముసుగుతన్ని పడుకొని, ఉక్కిరిబిక్కిరియై దుప్పటి తొలగించడం అందరికీ అనుభవమే. మంచులో తొలగించడానికి చేయి కదలదు.) స్విట్జర్లండు ప్రమాదాలను పరిశీలించి 1994లో ప్రకటించిన లెక్కల ప్రకారం, 15 నిమిషాలలోపు వెలికితీసినవారిలో 92 శాతం బ్రతికారు, 35 నిమిషాలు గడిచేసరికి అది 30 శాతానికి పడిపోయింది.

కనుక పీల్చే గాలిని, విడిచే గాలిని వేరుచేస్తే చాలునని అమెరికా వైద్యుడు థామస్ క్రౌలీ ఊహించాడు. ఆయన రూపొందించిన అవలంగ్ సాధనం నోటి గొట్టం ద్వారా ఛాతీ వద్ద మంచులోని గాలిని అందించి, విడిచిన గాలిని వీపు వైపునకు పంపేది. ఆమ్లజని సిలిండరు లేదు, యంత్రం లేదు. 2000లో ప్రచురితమైన పరీక్షలో ఎనిమిదిమంది స్వచ్ఛంద సేవకులను మంచులో పాతిపెట్టారు. సాధనంతో సగటున 58 నిమిషాలు, అది లేకుండా 10 నిమిషాలు వారు ఉండగలిగారు. లోపమొక్కటే: చరియ మీద పడకముందే గొట్టం నోట ఉండాలి.

2025లో ఫలితాలు వెలువడిన ఇటలీ ప్రయోగంలోని సేఫ్‌బ్యాక్ అనే సాధనానికి ఆ గొట్టం లేదు. వీపు సంచిలోని చిన్న ఫ్యాను వెనుకనున్న మంచులోని గాలిని లాగి ముఖం వైపునకు తోస్తుంది. 24 మందిని బోర్లా పడుకోబెట్టి అర మీటరు మంచు కప్పారు. సగం మందికి నిజమైన సాధనం, తక్కినవారికి పనిచేయని నకలు ఇచ్చారు. రక్తంలో ఆమ్లజని 80 శాతానికి దిగజారగానే త్రవ్వి తీయడం నియమం. నకలు ధరించినవారి మధ్యస్థ కాలం 6.4 నిమిషాలు; నిజమైనది ధరించినవారిది 35 నిమిషాలు, అనగా ప్రయోగానికి పెట్టిన గడువు మొత్తం. ధైర్యం చెప్పే మాట కూడా కొంత ఊపిరిని నిలుపుతుంది గనుక, ఈ నకలు పద్ధతియే ప్రయోగానికి ప్రాణమని మేము తలుస్తాము.

అయితే ఆ సేవకులకు ఎముకలు విరగలేదు, ఛాతీ నలగలేదు, పైన త్రవ్వేవారు సిద్ధంగా ఉన్నారు. సియాచిన్‌లో కూలినది రాతివలె బిగిసిన మంచు. సుమారు 25 అడుగుల లోతున ఆరు దినాల తరువాత ప్రాణంతో కనిపించిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ సైనిక వైద్యశాలలో కన్నుమూశాడు. గాలి నిలిచిన ఖాళీ ఏదో లేనిదే అన్ని దినాలు బ్రతకడం అసంభవం. అంత లోతున ఏ సాధనాన్నీ మనుషులపై పరీక్షించజాలరు.

మన కొండవాలు ఇళ్ళకు ఇది ఉపకరించదా అని విజయవాడ మిత్రులు అడుగవచ్చు. 2024 ఆగస్టు 31న భారీ వర్షానికి మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళపై పడి పలువురు మరణించారు. వారిపై పడినవి బండలు, తడిసిన మన్ను. వాన నీటితో నిండిన మట్టి రేణువుల సందులలో ఫ్యాను లాగుకొనడానికి గాలి ఉండదు.