ప్రాక్సీ సర్వరు మందగించినపుడు

గ్రామపంచాయతీలకు ఫైబరు తీగద్వారా ఇంటర్నెట్టు కల్పించుటకై 2011లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన పథకము నేడు భారత్‌నెట్ అను పేర నడచుచున్నది. అయితే లైను వచ్చినంతమాత్రమున పని వేగముగా సాగునని తలంపరాదు. పలు కంప్యూటర్లు ఒకే లైనును పంచుకొను కార్యాలయములలో కొన్నిచోట్ల నడుమ ప్రాక్సీ సర్వరు ఉండును. అది మందగించినచో, ధ్రువపత్రమునకై వచ్చిన రైతు పూటంతయు వేచియుండవలసి వచ్చును. అపుడు అధిక రుసుము చెల్లించి లైను వేగము పెంచుదమని తీర్మానించుట సులభమే. కాని జాప్యము ఎచట కలుగుచున్నదో తెలియక చేసిన వ్యయము వృథా కావచ్చును.

ప్రాక్సీ సర్వరు ఊరి అంగడివంటిది. ఒకరు కోరిన పుటను దూరమునుండి తెప్పించి, నకలును తనయొద్ద నిలువచేసి, మరియొకరు కోరినపుడు వెంటనే ఇచ్చును. విరివిగా వాడుకలోనున్న ‘స్క్విడ్’ అను ఉచిత సాఫ్టువేరును ఉదాహరణముగా గైకొందము. సభ్యులు సాంకేతిక నిపుణులు కానక్కరలేదు. నిర్వాహకుని ఈ క్రింది ప్రశ్నలు అడిగిన చాలును.

1. ఒకే పుటను ప్రాక్సీద్వారా ఒకసారి, నేరుగా ఒకసారి తెరచి చూచితిరా? రెండువిధములను ఆలస్యమైనచో దోషము లైనునందో, దూరపు సర్వరునందో ఉండును. ప్రాక్సీద్వారా మాత్రమే ఆలస్యమైనచో దోషము ప్రాక్సీవద్దనే వెదకవలెను.

2. స్క్విడ్ చిట్టాలో ఏమున్నది? ప్రతి కోరికకు పట్టిన కాలము అందు మిల్లీసెకండ్లలో వ్రాయబడును. వేయి మిల్లీసెకండ్లు ఒక సెకండు. ‘హిట్’ అనగా నిలువనుండి ఇచ్చినది. ‘మిస్’ అనగా బయటినుండి తెచ్చినది. హిట్లు సైతము ఆలస్యమైనచో డిస్కును, జ్ఞాపకశక్తిని అనుమానింపవలెను.

3. వెబ్‌సైటు పేరునకు చిరునామా తెలుపు డీఎన్ఎస్ సర్వరు వెంటనే పలుకుచున్నదా? మొదటిది పలుకకున్నచో, స్క్విడ్ సాధారణముగా 5 సెకండ్లు ఆగి పిమ్మట తరువాతిదానిని అడుగును. పనిచేయని చిరునామాను జాబితానుండి తొలగించిన చాలును. ఇందుకు వ్యయము లేదు.

4. జ్ఞాపకశక్తి చాలుచున్నదా? డిస్కులోని నిలువ ఒక్కొక్క గిగాబైటునకు, 64 బిట్ల యంత్రమున, సూచికకే సుమారు 14 మెగాబైట్ల జ్ఞాపకశక్తి కావలెను. 100 గిగాబైట్లకు 1400 మెగాబైట్లు. అది చాలక యంత్రము డిస్కును ఆశ్రయించినచో అన్ని పనులును కుంటుపడును. కావున నిలువ పెంచినకొలది వేగము పెరుగుననుట భ్రమ.

ఇంకొక విషయము గమనింపదగియున్నది. నేటి వెబ్‌సైట్లలో అధికభాగము రహస్యలిపిలో నడచుచున్నవి. అట్టి పుటలను ప్రాక్సీ సాధారణముగా అటునుండి ఇటు చేరవేయునేగాని నిలువచేయజాలదు. కనుక హిట్లు తక్కువగా ఉన్నంతమాత్రమున నిర్వాహకుని నిందింపరాదు.

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. మార్పునకు ముందును, వెనుకను పట్టిన కాలమును పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆ లెక్కలు సభ ముందుంచిన పిమ్మటనే వ్యయమును గూర్చి తీర్మానించుట యుక్తము. ప్రజాధనము నిలుచును; రైతు సకాలమున ఇల్లు చేరును.