మినుము, ధాన్యం, రొయ్య: మూడు ఊళ్లు నేర్పిన సప్లయ్ చైన్ పాఠం

మా ఎలెక్టివ్ పరీక్షలో దాదాపు ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఒకటుంది: "ప్రస్తుతం సప్లయ్ చైన్ నాయకులు ఎదుర్కొంటున్న సవాళ్లను వివరించండి." గిరాకీ అంచనాలు తప్పడం, వాతావరణం, దేశాల మధ్య సుంకాలు, సరుకు ఎక్కడ పుట్టిందో రుజువు చూపాల్సి రావడం అని నాలుగు పాయింట్లు రాసి, కింద ఒక బొమ్మ గీస్తే మార్కులు పడతాయి. నాకూ పడ్డాయి. ఆ నాలుగూ నేను ఇంటి నుంచి కాలేజీకి వచ్చే దారిలోనే ఉన్నాయని మాత్రం పరీక్ష అయిపోయాక గానీ తట్టలేదు.

మాది రేపల్లె పక్కన పల్లెటూరు. చదువు బాపట్లలో. రైల్లో రావాలంటే రేపల్లె నుంచి తెనాలి వెళ్లి, అక్కడ బండి మారి, బాపట్లలో దిగాలి. ఈ మూడు ఊళ్లకూ మూడు సరుకులున్నాయి. బండి మారే చోటు నుంచే మొదలుపెడతాను.

తెనాలి: రెండు బస్తాలు ఎలా ఉబ్బాయి?

మన క్లబ్బులో తెనాలి అనగానే కథలు, నాటకాలు గుర్తొస్తాయి. వ్యాపారులకు మాత్రం తెనాలి అంటే మినప మిల్లులు. బస్తాల్లో వచ్చిన మినుము ఇక్కడ గుళ్లుగా, పప్పుగా మారి ఇడ్లీ తినే ఊళ్లన్నిటికీ వెళ్తుంది. ఇడ్లీ తినేవాడికీ మిల్లుకీ మధ్య కిరాణా కొట్టు ఉంది, హోల్‌సేల్ వ్యాపారి ఉన్నాడు. ఎవరికి వాళ్లు తమ ముందున్న ఆర్డరును తప్ప అసలు తినేవాణ్ణి చూడరు.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక కొట్టులో వారానికి 10 బస్తాల గుళ్లు అమ్ముడవుతాయి. సంక్రాంతి ముందు వారం గారెల పుణ్యమా అని 12 పోయాయి. గిరాకీ పెరుగుతోంది, సరుకు అయిపోతే ఎలా అనుకుని కొట్టాయన 14 ఆర్డరు పెట్టాడు. ఆ 14 చూసిన హోల్‌సేల్ వ్యాపారి 18 అడిగాడు. ఆ 18 చూసిన మిల్లు 25 బస్తాల సరుకుకు సరిపడా మినుము కొంది. నిజంగా పెరిగింది 2 బస్తాలు. పండగ వెళ్లిపోయాక అందరి దగ్గరా నిల్వలు మిగిలి ఆర్డర్లు ఆగిపోతాయి. అప్పుడు మిల్లు మినుము కొనడం ఆపేస్తుంది, రైతు ధర పడిపోతుంది. గారెలు తిన్నవాడికి ఇదేమీ తెలియదు.

దీనికి పుస్తకాల్లో బుల్‌విప్ ఎఫెక్ట్ అని పేరు. కొరడా పిడి దగ్గర చెయ్యి కాస్త కదిలిస్తే కొస దగ్గర పెద్ద ఊపు వస్తుంది కదా, అదే. జే ఫారెస్టర్ 1961లో 'ఇండస్ట్రియల్ డైనమిక్స్' పుస్తకంలో ఈ ఊపును లెక్కకట్టి చూపించాడు. 1997లో హౌ లీ, పద్మనాభన్, వాంగ్ దీనికి నాలుగు కారణాలు చెప్పారు: అసలు అమ్మకాన్ని వదిలేసి కింది నుంచి వచ్చిన ఆర్డరును బట్టి అంచనా వేయడం, ఆర్డర్లు పోగుచేసి ఒకేసారి పెట్టడం, ధరల్లో ఎగుడుదిగుళ్లు, కొరత వస్తుందేమోనన్న భయంతో అవసరానికి మించి అడగడం. ఈ నాలుగూ మన ఊరి కొట్టులోనూ కనిపిస్తాయి.

ఇది గిరాకీ వైపు సంగతి. సరఫరా వైపు ఇంకో మార్పు వచ్చింది. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్దిరోజుల ముందు చేలోనే మినుము చల్లేవాళ్లు. నేలలో మిగిలిన తేమతోనే పంట చేతికొచ్చేది. ఎల్లో మొజాయిక్ తెగులు, బంగారు తీగ కలుపు పీడించేసరికి చాలామంది మొక్కజొన్నకీ జొన్నకీ మారారు. దేశం మొత్తం మీద చూస్తే మినుము దిగుమతుల్లో పెద్ద వాటా మయన్మార్‌ది. అక్కడ 2021 ఫిబ్రవరి 1న సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. అదే ఏడాది మేలో మన కేంద్రం మినుము దిగుమతులపై ఆంక్షలు తీసేసింది. ఈమధ్య బ్రెజిల్ నుంచి కూడా వస్తోంది. పక్క మండలంలో పైరు ఎలా ఉందో కనుక్కుంటే సరిపోయిన వ్యాపారి ఇప్పుడు రంగూన్ ధర, డాలరు రేటు, ఢిల్లీ నోటిఫికేషన్ కూడా చూసుకోవాలి.

బాపట్ల: కుప్ప ఎందుకు వేసేవాళ్లు?

మన సాంబ మసూరి పుట్టిల్లు బాపట్ల వరి పరిశోధన కేంద్రం. 1986లో విడుదలైన ఆ వంగడం అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. ఇక్కడ ఖరీఫ్ వరి నవంబరు చివర్లో, డిసెంబరులో కోతకొస్తుంది. బంగాళాఖాతంలో తుపాన్ల కాలమూ అదే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా చెబుతూనే ఉంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన పనలు నీళ్లలో నానాయి, కోయని చేలు పడిపోయాయి.

పాత పద్ధతిలో చేత్తో కోసి, పనలు ఎండనిచ్చి, కుప్ప వేసేవాళ్లు. వీలు చూసుకుని తర్వాతెప్పుడో నూర్చేవాళ్లు. పనల మీద ఉండగా వాన పడితే దానికీ నష్టమే. కానీ ఒకసారి కుప్ప పడ్డాక, సరిగ్గా వేస్తే, పైన తడిసినా లోపలి గింజ చాలావరకు నిలిచేది. కోత వేగం వేరు, నూర్పిడి వేగం వేరు, ఆ రెంటి మధ్యా కుప్ప నిలబడి ఒకదాని ఒత్తిడి ఇంకోదాని మీద పడకుండా చూసేది. మన సిలబస్‌లో దీన్నే డీకప్లింగ్ ఇన్వెంటరీ అంటారు.

కూలీలు దొరకని ఈ రోజుల్లో కోత మిషన్ తప్పదు. కాకపోతే అది కోత, నూర్పిడి ఒకేసారి చేసేస్తుంది కాబట్టి గింజ పచ్చిగా బయటికొస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. అందుకే ఆ సీజన్లో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం కనిపిస్తుంది.

ఇంకో ఊహా లెక్క. ఊళ్లో 300 టన్నుల ధాన్యం ఉంది. ఆరబెట్టే చోటు రోజుకు 20 టన్నులకే సరిపోతుంది. పంట 15 రోజులపాటు నిదానంగా వస్తే రోజుకు 20 వస్తుంది, 20 ఆరుతుంది. మిషన్లతో 5 రోజుల్లో కోసేస్తే రోజుకు 60 టన్నులు వస్తుంది. ఐదో రోజు సాయంత్రానికి 100 టన్నులు ఆరి, 200 టన్నులు పచ్చిగా ఉంటుంది. ఆరో రోజు వాన పడితే? కోత దగ్గర వేగం పెంచాం. ఇరుకు మాత్రం పోలేదు, కొడవలి దగ్గర నుంచి కళ్లం దగ్గరికి జరిగింది. డ్రైయర్లు, పట్టాలు, గోనె సంచులు, లారీలు కూడా అదే వేగంతో పెరిగితేనే మిషన్ వల్ల పూర్తి లాభం.

సరుకు నిల్వ పెట్టుకోకుండా ఎప్పటికప్పుడు తెప్పించుకోవడం ప్రపంచానికి నేర్పింది టయోటా. 2011 మార్చి 11 భూకంపం తర్వాత అదే టయోటా, చిప్పులు సరఫరా చేసేవాళ్లను 2 నుంచి 6 నెలలకు సరిపడా నిల్వ ఉంచమని అడిగింది. 2021లో చిప్పులకు కరువొచ్చి ఇతర కార్ల కంపెనీలు తయారీ తగ్గించుకుంటుంటే, టయోటా కొన్ని నెలలు తట్టుకుని నిలబడింది. అది టయోటా వేసుకున్న కుప్ప.

రేపల్లె: రేటు ముందే ఎందుకు తగ్గింది?

మా వైపు పొలాల మధ్య చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లు మామూలు దృశ్యం. వనామి రొయ్యకు 2009లో దేశంలో అనుమతి వచ్చాక సాగు తీరే మారిపోయింది. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి విమానంలో వచ్చి చెన్నై క్వారంటైన్ దాటి హేచరీకి చేరతాయి. వాటి పిల్లలు మన చెరువులో పెరిగి, ఐసులో ప్రాసెసింగ్ ప్లాంటుకు వెళ్లి, గడ్డకట్టి, వాటిలో పెద్ద వాటా మళ్లీ అమెరికాకే ఓడెక్కుతుంది. 2024-25లో భారత్ ఎగుమతి చేసిన ఫ్రోజెన్ రొయ్యలు సుమారు 7.41 లక్షల టన్నులు. అందులో 3.11 లక్షల టన్నులు, అంటే దాదాపు 42 శాతం, ఒక్క అమెరికాకే.

2025 ఏప్రిల్ 2న అమెరికా మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించింది. ఆ వారంలోనే చెరువుల దగ్గర కొనుగోలు రేట్లు పడ్డాయి. మా మామయ్యకు రెండు చెరువులున్నాయి, రెండూ పట్టుబడికి దగ్గరగా ఉన్నాయి. ఆయన ఫోన్ చేసి అడిగాడు: "అల్లుడూ, నువ్వు చదివేది ఇదేగా. మన రొయ్య ఇంకా చెరువులోనే ఉంది. వాళ్లు పన్ను వేసేది ఓడ అక్కడికి చేరాక కదా. మరి నాకు ఇవాళే రేటెందుకు తగ్గించాలి?"

నాకు వెంటనే జవాబు రాలేదు. తర్వాత కాగితం మీద గీసుకుంటే అర్థమైంది. ఇవాళ కొన్న రొయ్య ప్లాంటులో తయారై, ఓడెక్కి, అక్కడికి చేరడానికి వారాలు పడుతుంది. అప్పటికి సుంకం ఎంతుంటుందో కొనేవాడికి తెలియదు. తెలియనిదానికి కూడా ఒక ధర కట్టి, దాన్ని వెనక్కి తోస్తాడు. అతని వెనకున్న వాడు ఇంకా వెనక్కి తోస్తాడు. చివర రైతున్నాడు. ఆయన వెనక ఎవరూ లేరు. ప్లాంటుకు కోల్డ్ స్టోరేజీ ఉంది, ఆగగలదు. చెరువు ఆగలేదు. ఆగిన ప్రతి రోజుకీ మేత, కరెంటు, పైన తెగులు భయం. ఏప్రిల్ 9న ఆ సుంకాన్ని 90 రోజులు వాయిదా వేశారన్న వార్త వచ్చేసరికి మామయ్య రెండు చెరువులూ పట్టేశాడు. ఆ తర్వాత ఆగస్టు 27 నాటికి సుంకం 50 శాతానికి చేరింది. యాంటీ డంపింగ్ లాంటి సుంకాలు దానికి అదనం.

సుంకంతో పాటు ఇంకో బరువు కూడా ఉంది. అమెరికాకు వెళ్లే రొయ్య ఎక్కడ పెరిగిందో చూపే రికార్డులు 2018 చివరి నుంచి తప్పనిసరి. యాంటీబయాటిక్ పరీక్షలు సరేసరి. తినేవాడి ఆరోగ్యానికి ఇవి మంచివే. కానీ రెండు చెరువుల రైతూ రెండొందల చెరువుల కంపెనీ ఒకే రకం కాగితాలు నింపాలంటే, ఆ శ్రమ ఇద్దరికీ ఒకటి కాదు.

మూడు ఊళ్లనీ కలిపి చూస్తే

మూడు చోట్లా నాకు కనిపించింది ఒకటే. అనుకోనిది జరిగినప్పుడు తట్టుకోవడానికి గొలుసులో ఎక్కడో కొంత ఖాళీ ఉండాలి. అది నిల్వ కావచ్చు, సమయం కావచ్చు, రెండో మార్కెట్టు కావచ్చు. ఖర్చు తగ్గించే పేరుతో ఆ ఖాళీని తీసేస్తే దెబ్బ మాయమైపోదు, ఆగే శక్తి లేనివాడి మీదికి జారుతుంది.

మనలో చాలామంది రేపు ఏదో కంపెనీలో స్క్రీన్ ముందు కూర్చుని ఆర్డర్లు పెట్టేవాళ్లమే. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. అసలు అమ్మకం సంగతి చివరివాడిదాకా చేరుతోందా? కొట్టులో పోయింది 12 బస్తాలని మిల్లుకు తెలిస్తే 25 కొనదు. ఏ మెట్టు వేగం పెంచితే ఏ మెట్టు దగ్గర సరుకు పేరుకుంటుంది? ఊరి స్థాయిలో డ్రైయరు, వంతులవారీ కోత ముందే అనుకుంటే ఆ 200 టన్నులు తగ్గుతాయి. గొలుసు తెగితే నష్టం ఎవరిది? సీడ్ వేసే రోజే కనీస ధర రాసుకుని, సుంకం పెరిగితే ఎవరు ఎంత భరించాలో మాట్లాడుకుంటే ఒక్కడే మునగడు. ఇవి తేలిక అని నేననను. మూడోది అడగాలంటే కొనేవాడి కుర్చీలో ఉన్నవాడే అడగాలి. రైతు అడిగితే వినేవాళ్లు తక్కువ.

మామయ్యకు నేను గీసిన బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి, "అయితే నేను ఈ కొసనున్నానన్నమాట" అన్నాడు. ఆ పంట తర్వాత ఆయన ఒక చెరువుకే సీడ్ వేశాడు. రెండోది ఎండగట్టాడు. కాలేజీకి బయల్దేరినప్పుడల్లా ఆ ఖాళీ చెరువు గట్టు మీదుగానే స్టేషన్‌కు వస్తున్నాను.