మాయల ఫకీరు: చచ్చి బ్రతికే ప్రతినాయకుడు

పాఠ్యభాగ నేపథ్యం

కథకు నాయకుడెంత ముఖ్యమో ప్రతినాయకుడూ అంతే ముఖ్యం. రావణుడు లేనిదే రామకథ లేదు, కీచకుడు లేనిదే విరాటపర్వానికి బిగువు లేదు. అయితే కొందరు ప్రతినాయకులు ఒక్క కథతో అంతరించిపోరు. ఒకచోట హతులై మరొకచోట మళ్లీ లేస్తారు. తెలుగు జానపద వాఙ్మయంలో అటువంటివారిలో అగ్రగణ్యుడు బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు. అతని స్వరూప స్వభావాలను, ఆ పాత్ర వెనుక దాగిన లోకానుభవాన్ని, ఆ పేరు వలన కలిగే చిక్కును వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

బెల్జియం దేశంలో ఫ్లెమిష్ భాష మాట్లాడే ప్రాంతంలో విల్లీ వాండర్‌స్టీన్ అనే చిత్రకారుడు 1945లో ఒక బొమ్మల కథామాలను ప్రారంభించాడు. దాని పేరు ‘సుస్కే ఎన్ విస్కే’. ఇద్దరు పిల్లల సాహసాలే దాని వస్తువు. ఆ మాలలో క్రిమ్సన్ అనే దుష్టుడు 1963లో తొలిసారి ప్రవేశించాడు. ప్రతిసారీ ఓడిపోతాడు, మరో కథలో కొత్త పన్నాగంతో ప్రత్యక్షమవుతాడు. వాడు మళ్లీ వచ్చాడని తెలియగానే పాఠకులకు ఒకవైపు భయం, మరొకవైపు సంతోషం కలుగుతాయి. ఇటువంటి అనుభవం తెలుగువారికి కొత్త కాదు. అచ్చు పుస్తకాలు పల్లెలకు చేరకముందే మన కథకులు మాయల ఫకీరును ఊరూరా తిప్పారు.

నకిరేకల్ పరిసరాలలోని పల్లెలలోనే కాక నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతమంతటా ఒకప్పుడు పంటలు ఇంటికి చేరిన తరువాత కథల కాలం వచ్చేది. శారదకాండ్రు, ఒగ్గు కథకులు, బుర్రకథ దళాలు, చిందు యక్షగాన మేళాలు ఊరూరా తిరిగేవారు. తంబుర, గుమ్మెట, డోలు, తాళాలు వారి వాద్యాలు. చిందు కళాకారులు ముఖానికి అర్దళం పూసుకొని, కిరీటాలు, భుజకీర్తులు ధరించి తెల్లవార్లూ ఆడేవారు. నేటికీ ఈ కళ పూర్తిగా అంతరించలేదు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం లభించడమే ఇందుకు నిదర్శనం.

బాలనాగమ్మ కథ ఊరూరికీ కొంత మారుతుంది, కాని కథాసూత్రం ఒక్కటే. నవభోజరాజు, భూలక్ష్మి దంపతుల ఏడుగురు కుమార్తెలలో బాలనాగమ్మ కడపటిది. కార్యవర్ధి రాజును వివాహమాడి బాలవర్ధి అనే కుమారుని కన్నది. మాయల ఫకీరు భిక్షకుని వేషంలో ఆమె వాకిట నిలిచాడు. భిక్ష వేయవచ్చిన ఇల్లాలిని మంత్రబలంతో కుక్కగా మార్చి తన స్థావరానికి తీసుకొనిపోయాడు. ఊయలలోని పసివాడు మాత్రం మిగిలిపోయాడు. భార్యను విడిపించడానికి సైన్యంతో వెళ్లిన కార్యవర్ధి రాతిబొమ్మగా మారిపోయాడు.

ఇక్కడ కథ యుద్ధాన్ని వదలి వివేకాన్ని ఆశ్రయిస్తుంది. బాలనాగమ్మ నోము నెపంతో ఫకీరును సంవత్సరాల తరబడి దూరంగా నిలిపింది. పెరిగి పెద్దవాడైన బాలవర్ధి తల్లిని వెదకుతూ బయలుదేరి, పూలు కట్టే అవ్వకు మనుమడిగా మారి శత్రువు ఇంట ప్రవేశించాడు. తల్లి తీయని మాటలతో ఫకీరు ప్రాణరహస్యాన్ని రాబట్టింది. అతని ప్రాణం అతని దేహంలో లేదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉన్నది. బాలవర్ధి ఆ చిలకను తెచ్చాడు. దాని రెక్క విరిస్తే ఫకీరు చేయి విరిగింది, దాని మెడ తిప్పితే అతని ప్రాణం పోయింది. మనిషి బలహీనతను సూచిస్తూ ‘వాడి ప్రాణం చిలకలో ఉన్నది’ అని నేటికీ అనుకొనే మాటకు ఇటువంటి కథలే మూలం.

ఈ చిలక తెలుగుదేశానికి మాత్రమే పరిమితం కాదు. బొంబాయి గవర్నరు కుమార్తె మేరీ ఫ్రియర్ 1868లో ‘ఓల్డ్ దక్కన్ డేస్’ అనే కథల సంపుటిని ప్రకటించింది. ఆ కథలను ఆమెకు చెప్పినది అన్నా లిబరటా డిసౌజా అనే ఆయా. అందులోని ‘పంచ్‌కిన్’ అనే కథలో ఏడుగురు రాజకుమార్తెలలో చిన్నదాని పేరు బాల్నా. ఆమెను అపహరించిన మాంత్రికుని ప్రాణం ఒక పచ్చని చిలకలో ఉంటుంది. ఆమె కుమారుడే వచ్చి తల్లిని విడిపిస్తాడు. బాలనాగమ్మ కథతో దీనికి గల పోలిక స్పష్టమే. రష్యా దేశపు జానపద కథలలో కొష్చేయ్ అనే మరణం లేని దుష్టుని ప్రాణం సూది మొనలో, ఆ సూది గ్రుడ్డులో, ఆ గ్రుడ్డు బాతులో, ఆ బాతు కుందేలులో దాగి ఉంటుంది. అజేయంగా కనిపించే ప్రతి శక్తికీ ఎక్కడో ఒక ఆయువుపట్టు ఉంటుందన్న నమ్మకం మానవులందరికీ ఉమ్మడి ఆస్తి.

పల్లెలోని కథావేదిక నుండి మాయల ఫకీరు నాటకశాలకు, అక్కడి నుండి వెండితెరకు నడిచాడు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజాలు మాయా దృశ్యాలకు ప్రసిద్ధి. వారి ప్రదర్శనలలో బాలనాగమ్మ ఒకటి. 1942లో జెమిని సంస్థ నిర్మించగా సి.పుల్లయ్య దర్శకత్వం వహించిన ‘బాలనాగమ్మ’ చిత్రంలో కాంచనమాల నాయిక. ప్రతినాయకునిగా డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు నటించాడు. ‘మాలపిల్ల’ (1938)లో సుందరరామశాస్త్రిగా మెప్పించిన నటుడే నాలుగేళ్లకు పిల్లలను బెదరగొట్టే మాంత్రికుడయ్యాడు. ఆ చిత్రంలో అతని పేరు మాయల మరాఠీ. 1959లో ఎన్.టి.రామారావు, అంజలీదేవి నటించగా అదే కథ మళ్లీ తెరకెక్కింది.

1951లో విడుదలైన ‘పాతాళభైరవి’లో ఎస్.వి.రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడు ఈ కోవకే చెందినవాడు. నాయకుడైన తోట రాముని బలి ఇవ్వబోయి తానే బలియైనాడు. శిష్యుడు అతనిని మళ్లీ బ్రతికించగా ద్విగుణమైన కసితో తిరిగివచ్చాడు. అనేక ప్రదర్శనలలో ఫకీరు పొందే పునర్జన్మను ఈ మాంత్రికుడు ఒకే చిత్రంలో పొందాడు.

తెల్లవారేసరికి చచ్చిన ఫకీరు మరునాటి రాత్రి పొరుగూరిలో ఎందుకు బ్రతుకుతున్నాడు? అతడు సూచించే భయం బ్రతికి ఉన్నది కనుక. దయతో తలుపు తెరచిన ఇల్లాలిని వంచించే కపటి, తల్లిని బిడ్డకు దూరం చేసే బలవంతుడు, ఎదిరించినవారిని రాళ్లుగా మార్చే అధికారి ప్రతి తరంలోనూ ఉంటారు. నల్లగొండ ప్రజలకు ఇది అనుభవైకవేద్యం. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ఈ జిల్లా ప్రధాన క్షేత్రం. ఆ కాలంలో బుర్రకథ, నాటకం వంటి కళారూపాలలో మాంత్రికుని స్థానాన్ని దొర ఆక్రమించాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన ‘మా భూమి’ నాటకం (1947) ఇందుకు ఉదాహరణ. వేషం మారినా ప్రేక్షకుని మనస్సులోని ప్రశ్న మారలేదు: ఇంతటివాని ప్రాణం ఏ చిలకలో ఉన్నది?

అయితే ఈ పాత్ర పేరును గూర్చి విద్యార్థులు ఆలోచించవలసిన అంశం ఒకటున్నది. కథ ఒకచోట దుష్టుని ఫకీరన్నది, ఒకచోట మరాఠీ అన్నది, సినిమా మరొకనిని నేపాళ మాంత్రికుడన్నది. ముగ్గురూ ఊరికి వెలుపలివారే. అపరిచితుని పట్ల గల శంకను కథ ఒక మతానికో, ఒక ప్రాంతానికో అంటగట్టింది. జీవితం మాత్రం వేరొక సాక్ష్యం చెబుతుంది. నల్లగొండ పట్టణంలోని లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గాకు, జాన్‌పహాడ్ దర్గాకు హిందువులు, ముస్లిములు కలసి వెళ్లి మ్రొక్కులు తీర్చుకొంటారు. పీర్ల పండుగనాడు తెలంగాణ పల్లెలలో అన్ని కులాలవారూ పీర్ల ఎదుట నిలుస్తారు. బుర్రకథకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చి 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ ముస్లిం. కథలోని ఫకీరును చూచి లోకంలోని ఫకీరును అనుమానించడం కథకు అపార్థం చెప్పడమే. పైగా అతని వేషం కపట వేషం, అతడు సాధువు కాడు కనుకనే సాధువువలె నటించవలసి వచ్చింది. నిజమైన ఫకీరుకు అటువంటి వేషంతో పని లేదు.

కథ ఖండించినది మతాన్ని కాదు, వంచనను. మెచ్చుకొన్నది ఆయుధాన్ని కాదు, బాలనాగమ్మ ఓర్పును, అడగవలసిన ప్రశ్నను అడగవలసిన వేళ అడిగిన ఆమె నేర్పును. రాజు సైన్యం సాధించలేనిది బందీయైన తల్లి మాటతో, పసివాని సాహసంతో సిద్ధించింది. మాయల ఫకీరు చిరంజీవి కావచ్చును. అతని చిలకను వెదకే బాలవర్ధి కూడ ప్రతి తరంలోనూ పుడుతూనే ఉంటాడు.

కఠిన పదాలు – అర్థాలు

ప్రతినాయకుడు = నాయకుని ఎదిరించే పాత్ర
అగ్రగణ్యుడు = మొదట లెక్కింపదగినవాడు
పన్నాగం = కుట్ర
అర్దళం = వేషధారణలో ముఖానికి పూసుకొనే పసుపుపచ్చని రంగు
నెపం = సాకు
ఆయువుపట్టు = ప్రాణస్థానం
ద్విగుణమైన = రెట్టింపైన
అనుభవైకవేద్యం = అనుభవం వలన మాత్రమే తెలియదగినది

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. మాయల ఫకీరు పాత్ర కథావేదిక నుండి వెండితెర వరకు సాగిన తీరును వివరించండి.
2. ‘కథ ఖండించినది మతాన్ని కాదు, వంచనను.’ ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. బాలనాగమ్మ కథకు, ‘పంచ్‌కిన్’ కథకు గల పోలికలేవి?
2. బాలనాగమ్మ ఫకీరును ఏ విధంగా జయించింది?
3. సాయుధ పోరాట కాలంలో ప్రతినాయకుని వేషం ఎట్లా మారింది?

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుని పాత్రను ధరించినది ఎవరు?
2. లతీఫ్ సాహెబ్ గుట్ట ఏ పట్టణంలో ఉన్నది?
3. కొష్చేయ్ ఏ దేశపు జానపద కథలలోని పాత్ర?

IV. మీ ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒక జానపద కథను పెద్దల నుండి సేకరించి, అందులోని ప్రతినాయకుని గూర్చి పది వాక్యాలు వ్రాయండి.