బెయిలు వచ్చినా మామ ఎందుకు రాలేదు?



పోయిన వేసవి సెలవుల్లో మా మామను మోటారు వైరు దొంగతనం కేసులో పట్టుకుపోయినారు. జడ్జి గారు బెయిలు ఇచ్చినారు. అయినా మామ ఇంకా 12 రోజులు జైల్లోనే ఉండినాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. తెలుసుకొని ఇక్కడ రాస్తున్నాను.

బెయిలు అంటే ఏమి? నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి కిందే లెక్క. కేసు తేలడానికి ఏండ్లు పట్టవచ్చు. అన్నాళ్లూ జైల్లో పెట్టి, చివరకు తప్పు లేదని తేలితే, పోయిన కాలం ఎవరిస్తారు? అందుకని "పిలిచినప్పుడు కోర్టుకు వస్తాను" అని పూచీ రాయించుకొని వదులుతారు. కేసు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

నేరాలు రెండు రకాలు.

1. బెయిలబుల్: వీటిలో బెయిలు మన హక్కు. జామీను తేలేని బీదవారిని సొంత పూచీకత్తు మీదనే వదలాలి. ఇది భారతీయ నాగరిక సురక్షా సంహిత 478వ సెక్షన్. ఈ చట్టం 2024 జూలై 1 నుండి అమలులో ఉంది.

2. నాన్ బెయిలబుల్: వీటిలో జడ్జి గారు ఆలోచించి ఇస్తారు. నేరం ఎంత పెద్దది? సాక్ష్యం ఎంత ఉంది? మనిషి పారిపోతాడా? సాక్షులను బెదిరిస్తాడా? పాత కేసులు ఉన్నాయా? ఇవన్నీ చూస్తారు. ఆడవాళ్లు, జబ్బు మనుషుల విషయంలో కొంచెం దయ చూపవచ్చు.

కులం మాత్రం చూడకూడదు. తెల్లవాళ్ల కాలంలో నేరస్థ జాతుల చట్టం మన ఎరుకల వాళ్లకు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర మనుషుల నోళ్లలో నుంచి ఇంకా పోలేదు.

1977లో మన ఆంధ్రప్రదేశ్ నుండి గుడికంటి నరసింహులు కేసు సుప్రీంకోర్టుకు పోయింది. జస్టిస్ కృష్ణయ్యర్ గారు బెయిలు ఇచ్చి, మనిషి స్వేచ్ఛ చాలా విలువైనది, దాన్ని జడ్జి ఇష్టమొచ్చినట్టు తీసేయరాదని చెప్పినారు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు వచ్చింది. కింది కోర్టు 10,000 రూపాయల జామీను అడిగింది. వేరే జిల్లాలో ఉన్న అన్న జామీనుకు వస్తే ఒప్పుకోలేదు. ఆయనే 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు.

మా మామకు అడ్డం పడింది కూడా జామీనే. పట్టాదారు పాసుబుక్కు ఉన్నవాళ్లు ఇద్దరు కావాలన్నారు. మా వాళ్లలో ఎవరికుంది పట్టా? భూమి ఉన్న రైతులు సంతకానికి రాలేదు. ఆఖరికి న్యాయసేవల వాళ్లు పంపిన వకీలు గారు కోర్టులో అడిగితే, సొంత పూచీకత్తు మీద వదిలినారు. ఆ వకీలుకు మేము ఒక్క పైసా ఇయ్యలేదు.

ఇది గుర్తు పెట్టుకోండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం గిరిజనులకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. ఆ 12 రోజులూ మాకు ఈ నంబరు తెలియదు. సెలవులకు పోయినప్పుడు మీ ఇంట్లో గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి, మర్రిపాడు