దెబ్బ తిన్నాక చిన్న బండి

ముందు ఒక లెక్క చూద్దాం. ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో జరిగే టీటీ మోటార్‌సైకిల్ రేసుల్లో జోయీ డన్‌లప్ 26 సార్లు గెలిచాడు. 1989లో ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్ మీద మరో రేసర్‌తో ఢీకొని కాలు, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ దెబ్బకు ముందు గెలుపులు 13. తర్వాత కూడా 13. దెబ్బ తగిలేనాటికి అతని వయసు 37.

రేసర్ల కథలు చెప్పి ధైర్యం నూరిపోసేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. భయాన్ని గెలువు, యాక్సిలరేటర్ తిప్పు, దూసుకుపో! ఆ పాఠం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. టీటీ జరిగే మౌంటెన్ కోర్స్ మీద 1911 నుంచి ఇప్పటిదాకా 250 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిరికివాళ్లెవరూ ఉండి ఉండరు. డన్‌లప్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పెద్ద బండి చేతికి లొంగని రోజున అతను ఏం చేశాడన్నది.

ఉత్తర ఐర్లండ్‌లోని బాలీమనీ అతని ఊరు. 1969లో రేసుల్లోకి దిగాడు. 1977లో మొదటి టీటీ గెలుపు, 1981లో హోండా జట్టులో చోటు, 1982 నుంచి 86 దాకా వరసగా ఐదేళ్లు టీటీ ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్. పైకి ఎక్కే మనిషి కథ ఎక్కడైనా ఒకేలా ఉంటుంది కాబట్టి ఇంతటితో వదిలేద్దాం.

ఇక దెబ్బ సంగతి. 1989లో టీటీలో పోటీ చేయలేకపోయాడు. 1990లో వచ్చాడు, గెలవలేదు. 1991లోనూ అంతే. 750 సీసీ బండిని గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఒక మలుపులోంచి ఇంకో మలుపులోకి తిప్పాలంటే భుజం, తొడ, మణికట్టు మూడూ మాట వినాలి. విరిగి అతికిన ఎముకకు ఆ ఓపిక వెంటనే రాదు. 125 సీసీ రేసు బండి దాని బరువులో సగం కూడా ఉండదు. 1992లో డన్‌లప్ గెలిచింది ఆ 125 మీదే. మన వీధుల్లో పాల క్యాన్లు మోసే బండ్లదీ దాదాపు అదే సీసీ. ఇది మాత్రం రేసు కోసం కట్టిన టూస్ట్రోక్ బండి, దాదాపు 170 కిలోమీటర్ల సగటుతో పరిగెత్తింది. ఆ గెలుపుతో మైక్ హెయిల్‌వుడ్ పేరిట ఉన్న 14 గెలుపుల రికార్డును అందుకున్నాడు. మరుసటి ఏడాది మళ్లీ 125 మీదే గెలిచి దాన్ని దాటేశాడు. దెబ్బ తర్వాతి 13 గెలుపుల్లో 11 చిన్న బండ్లవే: 125 మీద 5, 250 మీద 6.

ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయినవాడు కుర్రాళ్లతో కలిసి చిన్న బండి ఎక్కడం తేలికేమీ కాదు. మనలో ఎందరు ఆ పని చేయగలం? పదేళ్లు మేనేజర్‌గా చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాయన, ఒక మెట్టు కింద ఉద్యోగం వస్తే నలుగురూ ఏమంటారోనని ఏడాది ఖాళీగా కూర్చుంటాడు. పిల్లల కోసం ఐదేళ్లు విరామం తీసుకున్నావిడ పాత హోదాతోనే తిరిగి వెళ్లాలని పట్టుబట్టి, చివరికి ఎక్కడికీ వెళ్లదు. పరువు నిలుస్తుంది, చేతిలో ఉన్న పనితనం తుప్పు పడుతుంది.

డన్‌లప్ తూచి చూసుకున్నాడో లేదో మనకు తెలియదు గానీ, అతని దారిలో ఒక తర్కం కనిపిస్తుంది. మౌంటెన్ కోర్స్ అంటే స్టేడియంలో ట్రాక్ కాదు. రాకపోకలు ఆపేసిన మామూలు రోడ్డు. ఒక చుట్టు 60.7 కిలోమీటర్లు, 200కు పైగా మలుపులు, పక్కనే రాతి గోడలు, కరెంటు స్తంభాలు, ఇళ్ల గుమ్మాలు. రేసర్లను పది సెకన్లకొకరు చొప్పున వదులుతారు, పోటీ అంతా గడియారంతోనే. బ్రే హిల్ ఎలా దిగాలి, బలాఫ్ వంతెన మీద బండి గాల్లోకి లేచే ముందు ఎంత తగ్గించాలి, కొండ మీద మంచు పొగ ఎక్కడ పట్టేస్తుంది అన్నది ఏళ్ల తరబడి తిరిగితేనే ఒంటబడుతుంది. 750 ఎక్కినా 125 ఎక్కినా ఆ రోడ్డు అదే. పైగా చిన్న బండికి శక్తి తక్కువ. ఒక మలుపులో అనవసరంగా బ్రేకు పట్టావా, పోయిన వేగాన్ని ఇంజిన్ వెనక్కి తెచ్చివ్వలేదు. అంటే రోడ్డు తెలిసినవాడికే అక్కడ ఎక్కువ లాభం.

మీ విషయంలో రోడ్డు ఏది, బండి ఏది? హోదా, క్యాబిను, జట్టులో మనుషుల సంఖ్య... ఇవన్నీ బండి. కస్టమర్ ఫోనులో విసుక్కుంటే అసలు ఇబ్బంది ఎక్కడుందో పట్టగలగడం, ఖాతా పుస్తకం తిప్పగానే తేడా కంటికి తగలడం, మొండికేసిన పిల్లాడి చేత లెక్క చేయించడం... ఇది రోడ్డు. కాగితం తీసుకుని రెండు వరసలుగా రాయండి. రెండో వరస ఖాళీగా ఉంటే అసలు కంగారు పడాల్సింది అక్కడ. నిండుగా ఉంటే, ఆ రోడ్డు మీద తిరగనిచ్చే ఏ బండి దొరికినా ఎక్కేయండి.

ఇంకో సంగతి. డన్‌లప్ తన చిన్న బండ్లను తనే విప్పి, తనే బిగించుకునేవాడు. టూస్ట్రోక్ ఇంజిన్‌కు గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు చాలా ముఖ్యం. ఈ కోర్స్ సముద్రం పక్క నుంచి 400 మీటర్ల పైచిలుకు ఎత్తుకు ఎక్కి దిగుతుంది. వాతావరణం మారినా, ఎత్తు మారినా ఆ పాళ్లు తప్పుతాయి. ప్లగ్ విప్పి దాని రంగు చూడాలి. తెల్లగా కాలిపోతే పెట్రోలు చాలడం లేదని, నల్లగా మసి పడితే ఎక్కువైందని అర్థం. దాన్ని బట్టి కార్బురేటర్‌లో జెట్ మార్చాలి. ఫ్యాక్టరీ మెకానిక్కులు చుట్టూ తిరిగిన మనిషి మళ్లీ చేతికి గ్రీజు పూసుకోవడం నాకు గెలుపు కన్నా గొప్పగా అనిపిస్తుంది. కిందికి దిగినప్పుడు ఇంతకాలం ఎవరికో అప్పజెప్పిన పని మళ్లీ మన చేతికి వస్తుంది. దాన్ని శిక్ష అనుకోకండి.

అతనికి ఇది సాధ్యపడడానికి ఇంకో కారణం ఉందని నా ఊహ. తన పేరు మొత్తం పెద్ద బండికే తగిలించి పెట్టలేదు. ఊళ్లో బార్ నడిపేవాడు. వ్యాన్‌లో తిండి, బట్టలు వేసుకుని రొమేనియా, బోస్నియాల్లోని అనాథ పిల్లల దగ్గరికి తనే నడుపుకుంటూ పోయేవాడు. 1996లో బ్రిటన్ ఇచ్చిన ఓబీఈ ఆ సేవకే. మనకూ ఉద్యోగం కాక ఇంకో ఊపిరి ఉంటే, ఉద్యోగంలో ఒక మెట్టు దిగినా ఊపిరాడుతుంది.

పెద్ద బండి మళ్లీ చిక్కింది కూడా. 1995లో పెద్ద బండ్ల రేసైన సీనియర్ టీటీ గెలిచాడు. 2000లో, 48 ఏళ్ల వయసులో, ఫార్ములా వన్, 250, 125... ఒకే వారంలో మూడు. ఆ ఏడాది సీనియర్ రేసులో మూడో స్థానమే వచ్చినా, ఒక చుట్టు 199 కిలోమీటర్ల సగటుతో కొట్టాడు. ఆ కోర్స్ మీద అతని జీవితంలోకెల్లా వేగవంతమైన చుట్టు అదే.

ఇక్కడిదాకా అతని వెంట వెళ్లండి, తర్వాత వద్దు. అదే ఏడాది జులై 2న ఎస్టోనియాలోని టాలిన్‌లో, అక్కడే రెండు రేసులు గెలిచాక, తడి రోడ్డు మీద 125 రేసులో ముందుండగా జారి చెట్లను ఢీకొని చనిపోయాడు. ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబు దొరకదు. మనం సొంతంగా వెతుక్కోవాలి. చిన్న బండి ఎక్కిన రోజునే, ఆలోచన బాగా సాగుతున్నప్పుడే, ఒక హద్దు రాసి పెట్టుకోండి. ఆరోగ్యం ఎంత దెబ్బతింటే, అప్పు ఎంత దాటితే, ఇంట్లోవాళ్లకు ఎన్ని నెలలు కష్టమైతే దిగిపోతారో అంకెల్లో రాయండి. ఆ కాగితాన్ని మిమ్మల్ని పొగడని మనిషి ఒకరి చేతిలో పెట్టండి. పొగిడేవాళ్లు ఇంకో రౌండు కొట్టమంటారు.